రోగికి ఇచ్చిన సడలింపు కూడా దైవానుగ్రహమే

రంజాన్ నెలవంక కనబడగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. ఇరవై ఏళ్ళుగా షుగర్ ఉన్న తాతగారు కూడా సహరీకి అందరికన్నా ముందే లేచి కూర్చుంటారు. "ఈసారి వద్దు అబ్బా" అని కొడుకు అంటే, "మాత్రల కోసం రోజా వదలమంటావా?" అని కసురుతారు. ఇంట్లో ఎవరూ మారు మాట్లాడరు. ఆయన పగటి మాత్రలు మానేశారని, ఇన్సులిన్ పక్కన పెట్టారని చాలాసార్లు ఇంట్లోవాళ్ళకు తెలియనే తెలియదు.

ఆయన భక్తిని శంకించే హక్కు మనకు లేదు. కాని ఆ మౌనం ఎక్కడికి దారితీస్తుందో తెలుసుకోవడం మన బాధ్యత.

మందు ఆగిపోయి, దానికి జ్వరమో విరేచనాలో తోడైతే రక్తంలో చక్కెర 600 దాటిపోవచ్చు. ఒంట్లోని నీరు మూత్రంగా పోతుంది. చిక్కబడిన రక్తం మెదడు కణాల్లోని నీటిని కూడా లాగేస్తుంది. ఇదే ప్రాణాపాయం. ఈ నీరు, లవణాల సమతూకం ఒక్కసారిగా తారుమారైనప్పుడు బహు అరుదుగా మరో విపత్తు సంభవిస్తుంది. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్లే నరాల తీగలకు మైలిన్ అనే పొర ఉంటుంది. మెదడు కాండంలో ఆ పొర దెబ్బతింటుంది. దీన్ని సెంట్రల్ పాంటైన్ మైలినోలిసిస్ అంటారు. 1959లో అమెరికా వైద్యులు దీన్ని మొదటిసారి వివరించారు. రక్తంలో తగ్గిన సోడియంను వేగంగా పెంచడం దీనికి ముఖ్య కారణమని తర్వాత తేలింది. చక్కెర విపరీతంగా పెరిగిన కొద్దిమంది షుగర్ రోగుల్లోనూ ఇది కనబడింది. ఇది రోజా వల్ల వచ్చే జబ్బు కాదు. ఏ నెలలోనైనా మందు మానేసిన షుగర్ రోగి ఈ అంచుకు చేరవచ్చు.

మాట ముద్దగా వస్తుంది, గుటక దిగదు, నడక తూలుతుంది, కాళ్ళు చేతులు చచ్చుబడతాయి. జబ్బు ముదిరితే మనిషి స్పృహలో ఉండి కూడా కళ్ళు తప్ప ఏమీ కదపలేడు. ఇలాంటప్పుడు మనలో కొందరు దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో తాయెత్తుల కోసం తిరుగుతారు. విలువైన రోజులు గడిచిపోతాయి. దుఆ తప్పక చేయండి, కాని ఆసుపత్రికి వెళ్తూ చేయండి. అక్కడ "షుగర్ వెంటనే దించేయండి" అని వైద్యుణ్ణి తొందరపెట్టకండి. లెక్క ప్రకారం నెమ్మదిగా దించడమే సరైన వైద్యం. పోయిన పొరను తిరిగి తెచ్చే మందు లేదు. వ్యాయామ చికిత్సతో కొందరు కోలుకుంటారు, అందరూ కాదు.

ఇంత ముప్పు కొనితెచ్చుకోమని ఇస్లాం చెప్పిందా? దివ్య ఖుర్ఆన్‌లో ఉపవాసాన్ని విధిగా చేసిన సందర్భంలోనే, బఖరా సూరా 184, 185 ఆయతుల్లో, రోగికి మినహాయింపు ఉంది. కోలుకున్నాక ఆ రోజాలు పూర్తిచేయవచ్చు. కోలుకునే ఆశ లేనివారు రోజుకొక నిరుపేదకు అన్నం పెట్టి ఫిదియా చెల్లించవచ్చు. 2009లో షార్జాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ షుగర్ రోగులను నాలుగు తరగతులుగా విభజించి, తీవ్ర ప్రమాదం ఉన్నవారు రోజా ఉండరాదని తీర్మానించింది. ఆజ్ఞ ఇచ్చిన ప్రభువే సడలింపు కూడా ఇచ్చాడు. ఆజ్ఞను తలదాల్చి సడలింపును తోసిపుచ్చడం విధేయత ఎలా అవుతుంది?

షుగర్ ఉన్న ప్రతివారూ రోజా మానాలని నేను అనడం లేదు. మందుల వేళలు మార్చుకుని క్షేమంగా ఉండగలిగేవారు ఎందరో ఉన్నారు. ఆ నిర్ణయం షాబాన్ నెలకు ముందే వైద్యునితో కూర్చుని చేసుకోవాలి. వేలి కొసన రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదు. చక్కెర 70కి తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్యుల సలహా.

ఇమాములు ఈ మాట జుమా ప్రసంగంలో ఒక్కసారి చెబితే వెయ్యి ఇళ్ళకు చేరుతుంది. ఇక ఇంట్లోవాళ్ళు చేయవలసిందల్లా ఒకటే. రోజా ఉండలేని అబ్బాజాన్‌ను ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర అందరికంటే ముందు, గౌరవంగా కూర్చోబెట్టండి. ఆయన చేతులతోనే ఒక పేదవానికి అన్నం పెట్టించండి. అదీ ఆరాధనే.