ఎస్ మీటను మార్చొద్దు



మన కంప్యూటర్ గదిలో లిబ్రే ఆఫీస్ రైటర్‌లో పాటలు, కథలు టైపు కొడుతున్నాం కదా. అందులో మనకు కావలసిన పనికి మనకు నచ్చిన మీట పెట్టుకోవచ్చు. ఐతే ఎవరో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే పాట చరణం లోపలికి జరిగేటట్టు పెట్టారు. ఎస్ అంటే సాంగ్ అట! ఏడో తరగతి చెల్లి వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్న భూమి పండుగ పాట కొట్టి, సేవ్ అవుతుందని అవే నొక్కింది. చరణం జరిగింది గానీ పాట సేవ్ కాలేదు. అంతలో కరెంటు పోయింది. మనకు కంప్యూటర్ పీరియడ్ వారానికి ఒక్కటే, ఒక్కోదాని ముందు ముగ్గురం కూర్చుంటాం. ఆ చెల్లి వంతు మళ్ళీ ఎప్పుడొస్తుందో మీరే లెక్క వెయ్యండి.

అప్పటినుండి ఎవ్వరూ ఏ మీటా మార్చొద్దు అంటున్నారు. నేను దీనికి ఒప్పుకోను. మెనూలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. చరణాన్ని లోపలికి జరిపే స్టైల్ పేరులో కొటేషన్ అనే మాట ఉంటుంది. చిన్న తరగతుల వాళ్ళు అది చదివి, వెతికి పట్టేసరికి బెల్లు కొట్టేస్తారు. మీట ఐతే ఒకసారి చూపిస్తే చాలు, వేలికి గుర్తుంటుంది. కాబట్టి మీటలు పెట్టుకోవాలి. ఎస్ లాంటివి ముట్టుకోకూడదు, అంతే.

కంట్రోల్‌తో ఎస్, జెడ్, ఎక్స్, సి, వి నోట్‌ప్యాడ్‌లో కూడా ఇదే పని చేస్తాయి. రేపు కాలేజీకి పోయినా అవే. ఇక్కడ వేరేగా అలవాటైతే అక్కడ తికమక పడతాం. టూల్స్‌లో కస్టమైజ్, అందులో కీబోర్డు తెరిస్తే మీటల పట్టీ వస్తుంది. అక్కడ లిబ్రే ఆఫీస్‌కు, రైటర్‌కు వేరువేరు పట్టీలు ఉంటాయి. రెండింటిలోనూ ఏ మీట పక్కన ఏమీ రాసి లేదో అది ఖాళీ. వెతికితే అలాంటివి దొరుకుతాయి, వాటిని తీసుకోండి.

ఇంకొకటి. మనందరం ఒకే పేరుతో కంప్యూటర్ తెరుస్తాం. అందుకే ఒకరు మార్చితే అందరికీ మారిపోతుంది. మార్చేముందు అక్కడే ఉన్న సేవ్ బటన్ నొక్కి పాత మీటలను ఒక ఫైలుగా దాచాలి. తర్వాత లోడ్ నొక్కి ఆ ఫైలు చూపిస్తే పాతవి తిరిగొస్తాయి. నేను చేసి చూశాను. కొత్త మీట ఏదో, అది ఏం చేస్తుందో చీటీ మీద తెలుగులో రాసి ఆ కంప్యూటర్ పక్క గోడకు అంటించాలి. జిగురు లేకపోతే అన్నం మెతుకులు ఉన్నాయి.

మొదటి చీటీ నేనే రాస్తాను. పాటకు ఏ మీట పెడదామో శనివారం లోపల నాకు చెప్పండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని