నిప్పులమీది విందు



ఇంట చారులో నుప్పొక కల్లెక్కువైనచో పంక్తిలో గూర్చున్న వారందఱకును నోరు వచ్చును. పప్పు కొంచెము పలుకుగా నున్నచో నా పూటకు మఱియొక ప్రసంగమే యుండదు. ఆ వారే వెలయిచ్చి హోటలులో గూర్చున్నపు డెంతటి సహనమూర్తు లగుదురో క్రిందటినెలలో హైదరాబాదున గన్నులార జూచితిని.

మా కుమారుడు ఉద్యోగమున జేరి తొలిజీత మందుకొనెను. ఆ సొమ్ముతో మాకందఱకు విందు చేయవలెనని ముచ్చటపడి, వారము ముందుగనే యొక బార్బెక్యూ హోటలులో బల్ల నేర్పాటు చేసెను. మావారు, మా యత్తగారు, మా చెల్లెలి కొమార్తెయగు ఆఱేండ్ల పాప, వానితో గూడ నేను, అయిదుగురము పోయితిమి. హోటలు పేరు చెప్పను. నేను చెప్పదలచిన దానికి పేరుతో బనిలేదు.

నిప్పులమీద మాంసము గాల్చుట హైదరాబాదునకు గ్రొత్తగాదు. సీకు కబాబులును, వేడిరాతి పలకపై గాల్చు పత్థర్ కా గోష్తును ఆ నగరమున బ్రసిద్ధములే. బార్బెక్యూ అను మాట మాత్రము దూరదేశపుది. కరీబియను దీవుల తైనో జనులు పుల్లలతో గట్టుకొనిన మంచె పేరు స్పానిషువారి నోట బార్బకోవాయై, పిమ్మట నింగ్లీషున జేరినది. మేము పోయినవంటి హోటళ్లలో బల్లనడుమ గుంటలో నిప్పుల కుంపటి నుంతురు. వంటయింట సగము గాల్చిన యూచలను దెచ్చి దానిపై నమర్చుదురు. తలకింతయని వెలయిచ్చినచో నెంతయైన దినవచ్చును.

ఎంతయైన దినవచ్చు నను మాటయే మమ్ము మోసపుచ్చినది. కుంపటిలో బొగ్గులు సగ మాఱియుండెను. పనీరు రబ్బరువలె సాగెను. చేపముక్కలు చల్లబడియుండెను. కాల్చిన యనాసముక్క యొక్కటియే రుచిగా నుండెను. కోడిమాంసము పైన నల్లగా మాడియుండగా, పాప తన ముక్కను ద్రుంచి, "పెద్దమ్మా! ఇది లోపల పచ్చిగా నున్నదే!" యనెను. చూచితిని గదా, నడుమ జిగురుగా నుండి యెఱ్ఱని నీరూరుచుండెను.

ప్రతిదినమును చారునకు వంకపెట్టు మావారు తలవంచుకొని నమలుచుండిరి. "పిల్లవాడు ముచ్చటపడి తీసికొనివచ్చినాడు, ఊరకుండవమ్మా" యని మా యత్తగారు నా చెవిలో జెప్పిరి. ఇంతలో వాడు, "ఎట్లున్నది?" అని యడిగెను. "బాగున్నది" అని యందఱమును ఒక్కసారి యంటిమి.

నిప్పునకు దొందర పనికిరాదు. మంట తగిలిన పైభాగము నిమిషములలో నల్లబడును. వేడి నడుమకు జేరుటకు గాలము పట్టును. కోడిమాంసము నడుమ 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడి యందవలెను. అంతవఱకు సాల్మొనెల్లా, కాంపిలోబాక్టరు మున్నగు సూక్ష్మజీవులు నశించినవని నమ్మరాదు. సగము గాల్చి చాలసేపు నిలువయుంచుట మఱింత చెఱుపు. 5 మొదలు 60 డిగ్రీల వఱకు గల వేడిలో నవి త్వరగా వృద్ధియగును. పెరుగు, నిమ్మరసము, కారము పట్టించినంతమాత్రమున నవి చావవు. బల్లపై నున్న కుంచెతో బచ్చిముక్కకు నూనె పూసి, యదే కుంచెతో గాలిన ముక్కకు బూయుటయు దప్పే. మేమందఱమును ఆ తప్పు చేసితిమి.

పాప పళ్లెము చూచినపిదప నాకు మౌనము చెల్లలేదు. వడ్డించు కుఱ్ఱవానిని బిలిచి, "నాయనా! ఇది కాలలేదు. బొగ్గులు మార్చి, వంటయింటనే పూర్తిగా గాల్చి తెమ్ము" అంటిని. అతడు కోపపడలేదు. "అట్లేనమ్మా" యని పళ్లెము దీసికొనిపోయెను. అరగంటకు వచ్చిన ముక్కలు కాలినవి గాని కట్టెపేళ్లవలె నుండెను. అప్పటికి పాప పెరుగన్నము దిని నా భుజముపై నిద్రించుచుండెను.

ఇంటికి వచ్చుచు మా కుమారుడు, "అమ్మా! మొదటి ముక్కలోనే నాకు దెలిసినది. మీరందఱు బాగున్నదనగా నోరు మూసికొంటిని" అనెను. మేము వానికొఱకు, వాడు మాకొఱకు మాటాడకుంటిమి. నడుమ నపాయము పాపకు గలుగవలసినది!

కాబట్టి సోదరీమణులారా, హోటలులో మొదటి ముక్కను ద్రుంచి చూడుడు. కాలనిచో వడ్డించువానిని దూఱక, మెల్లగా, వెంటనే చెప్పుడు. వినకున్నచో బిల్లుపైనున్న 14 అంకెల లైసెన్సు సంఖ్యను వ్రాసికొని ఆహారభద్రతాధికారులకు దెలుపవచ్చును. అందులకు 2006 నాటి చట్టము మనకు గలదు. ఇచ్చిన సొమ్ము దక్కవలెనని చెడ్డ తిండి తినుట సొమ్ము దక్కించుకొనుట గాదు.

మఱునాడు మధ్యాహ్నము చారు వడ్డించితిని. మావారు "ఉప్పు" అని యారంభించి, నా ముఖము చూచి, "సరిపోయినది" అని ముగించిరి.