మీ ఫోన్లో ఒకలా, అమ్మ ఫోన్లో ఇంకోలా

ఇండియాలో ఉన్న అమ్మకి "కింద నీలం బటన్ నొక్కమ్మా" అంటాం. "నీలం బటనేదీ లేదే" అంటుంది. విసుక్కోకండి. ఆప్ ఒకటే అయినా ఆవిడ తెర వేరే కావచ్చు. మీరిద్దరూ ఒక ప్రయోగంలో చెరో పక్కన ఉన్నారేమో!

దీన్ని ఏ/బీ టెస్ట్ అంటారు. ఆప్ తెరవగానే అందులోని క్లయింట్ లైబ్రరీ అనే చిన్న ప్రోగ్రాం కంపెనీ సర్వర్‌ని అడుగుతుంది: "ఈవిడ ఏయే ప్రయోగాల్లో ఉన్నారు?" సర్వర్ మీ యూజర్ నంబరునీ, ప్రయోగం పేరునీ కలిపి ఒక పెద్ద సంఖ్య తయారు చేసి, దాన్ని 100తో భాగిస్తుందనుకోండి. శేషం 50 కన్నా తక్కువైతే పాత బటన్, లేదంటే కొత్తది. లెక్క మారదు కాబట్టి రేపు తెరిచినా మీకు అదే వస్తుంది. నెట్ లేకపోతే? లైబ్రరీ నిన్న దాచుకున్న జవాబు వాడుతుంది. అదీ లేకపోతే పాత బటనే.

మనలో సైన్సు చదివినవాళ్ళకి ఇది తెలిసిన కంట్రోల్ గ్రూపే. ప్రయోగాల రూపకల్పన మీద ఆర్.ఎ. ఫిషర్ రాసిన పుస్తకం 1935లో వచ్చింది. కప్పులో ముందు పాలు పోశారో, టీ పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒకావిడకి 8 కప్పులు కలగలిపి ఇచ్చి పరీక్షించడం అందులోదే. ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసినవారు మన సి.ఆర్. రావు గారు. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 2023లో 102 ఏళ్ళ వయసులో ఇక్కడ అమెరికాలోనే కన్నుమూశారు. చాలా మార్పులను తక్కువ ప్రయోగాలతో తేల్చే ఆర్థోగొనల్ ఎర్రేలు ఆయన ఇచ్చినవే.

లాభమూ చిన్నది కాదు. 2012లో మైక్రోసాఫ్ట్ వారి బింగ్‌లో ప్రకటనల శీర్షిక చూపే తీరు కాస్త మార్చి పరీక్షిస్తే ఆదాయం 12 శాతం పెరిగింది.

అదే ఏడాది జనవరిలో ఫేస్‌బుక్ ఒక వారంపాటు 6,89,003 మంది న్యూస్‌ఫీడ్‌తో ప్రయోగం చేసింది. కొందరికి సంతోషం పలికే పోస్టులు, కొందరికి బాధ పలికేవి తగ్గించి, వాళ్ళ రాతలు ఎలా మారతాయో చూసింది. వాళ్ళకా సంగతే తెలియదు. 2014లో ఆ పరిశోధన అచ్చయ్యాక పెద్ద గొడవైంది. ప్రచురించిన పత్రికే తర్వాత ఆందోళన వ్యక్తం చేసింది.

టీ తాగినావిడకి తనని పరీక్షిస్తున్నారని తెలుసు. తేడా అక్కడే ఉంది. బటన్ రంగు మార్చడానికి నన్నెవరూ అడగక్కర్లేదు. నా మనసు మీద, మా పిల్లలు ఎంతసేపు తెర వదలరన్న దాని మీద ప్రయోగమైతే మాత్రం ముందు అడగాలి.

ఈలోగా అమ్మని స్క్రీన్‌షాట్ పంపమనండి. సగం తగువు అక్కడే తీరుతుంది.