పన్ను కట్టినవారికి లెక్క చెప్పాలి

ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును అద్దె విలువపై కాక మూలధన విలువపై లెక్కిస్తున్నారు. స్థలం ధర పెరిగితే పన్నూ పెరుగుతుంది. ఇంటివారి సంపాదన లెక్కలోకి రాదు. బజారు పక్కన తాతలనాటి ఇంట్లో ఉండే దర్జీకి ఇది భారమే. ఏటా పెంపు 15 శాతం మించరాదన్న పరిమితి ఆ భారాన్ని వాయిదా వేస్తుందే గాని తొలగించదు. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇంటికి 50 రూపాయల పన్ను మెచ్చదగినదే. ఉమ్మడి కుటుంబం అందులో ఇమడదు. ఆ హద్దును పెంచాలి.

ప్రజాధనం అమానత్. ఏ వార్డులో ఎంత వసూలైందో, అక్కడి కాలువలకు, దీపాలకు ఎంత వెచ్చించారో పురపాలక సంఘాలు ప్రకటించాలి.

పన్ను ఎగవేత మన మార్గం కాదు, మౌనమూ కాదు. నోటీసులోని కొలతలు సరిచూడండి, తప్పుంటే గడువులోగా రివిజన్ పిటిషన్ వేయండి, రసీదులు భద్రపరచండి.