సంతకాల కింద లేని పేర్లు

వాక్స్వాతంత్ర్యం ప్రమాదంలో పడిందని ప్రకటన వచ్చినప్పుడల్లా అందరి చూపూ కింది సంతకాల మీదికే పోతుంది. పేర్లు పెద్దవైతే ప్రకటన గొప్పదంటాం. ఆ పేర్లు ఎన్నిరకాల అభిప్రాయాలకు ప్రాతినిధ్యం వహిస్తున్నాయో మాత్రం అడగం.

2019 జులైలో శ్యాం బెనెగళ్, మణిరత్నం, రామచంద్ర గుహ మొదలైన 49 మంది మూకదాడులను ఖండిస్తూ ప్రధానికి బహిరంగ లేఖ రాశారు. అసమ్మతి లేనిదే ప్రజాస్వామ్యం లేదన్నారు. మూడు రోజుల్లో కంగనా రనౌత్, ప్రసూన్ జోషి వంటివారు, అరవై మందికి పైగా, ఎదురు లేఖ విడుదల చేశారు. కొన్ని దాడుల మీదే మీకు కోపం వస్తుందని దాని సారాంశం. అక్టోబరులో బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఆ 49 మందిపై రాజద్రోహం కేసు నమోదైంది. కొద్దిరోజులకే పోలీసులు దాన్ని మూసివేస్తున్నట్లు ప్రకటించారు. ఎవరి జాబితా వారిదే! మరి ఎదుటిపక్షం నోరు నొక్కినప్పుడు సంతకం పెట్టేదెవరు?

2020 జులైలో అమెరికాలో హార్పర్స్ పత్రిక ప్రచురించిన లేఖ కొంత నయం. వామపక్షీయుడు నోమ్ చామ్‌స్కీ, అధ్యక్షుడు బుష్‌కు ఉపన్యాసాలు రాసిన డేవిడ్ ఫ్రమ్ ఒకే కాగితం మీద కలిశారు. మాట్లాడినందుకు ఉద్యోగాలు పోతున్నాయని వారి ఆవేదన. కాని సుమారు 150 మందిలో ఎక్కువమంది రచయితలు, ప్రొఫెసర్లు, పాత్రికేయులే. రాజకీయాలు వేరైనా కూర్చున్న అరుగు ఒకటే.

మాది వ్యవసాయ కుటుంబం. భూసార పరీక్షకు ఎకరంలో ఎనిమిది, పది చోట్ల మట్టి తీసి కలుపుతాం. గట్టు పక్కన, చెట్టు నీడన తియ్యకూడదు. ఒక్కచోటి మట్టి చేనంతటికీ సాక్ష్యం చెప్పదు. శాంపిల్ తప్పయితే ఫలితం తప్పని లేబొరేటరీలోనూ చెబుతారు.

మా వైపు కౌలురైతు గ్రామసభలో భూయజమానికి ఎదురు చెబితే వచ్చే ఏడు కౌలు ఉండదు. అందుకే నోరు మెదపడు. మాట వల్ల బతుకుతెరువు పోవడమంటే ఇదే కదా! రాజ్యాంగంలోని 19(1)(ఎ) ముఖ్యంగా కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, ఆసామిని కాదు. ఇతని సంతకం నేనింతవరకు ఏ జాబితాలోనూ చూడలేదు.

ప్రకటనలు వద్దని కాదు. మన యూనియన్ కూడా రాయాలి. రాసినరోజు ఆ కాగితం ముందుగా ఎన్నికల్లో ఓడినవారి దగ్గరికి, ఆ తర్వాత హాస్టల్ వంటవాళ్ల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు సంతకం పెట్టమంటే ఎందుకో అడిగి, ఆ జవాబునూ కిందే అచ్చు వెయ్యాలి.