ఆపాల సంతకం లేని ఇల్లు



రంజాన్‌కు ముందు గుంటూరులో నేనూ మా బేగమూ ఒక ఇల్లు చూశాం. పాత ఇల్లే. కానీ గల్లీ వెడల్పుగా ఉంది, మస్జిద్ నాలుగడుగుల దూరం, నీళ్లకు కరువు లేదు. అమ్మేది ముగ్గురు అన్నదమ్ములు. వాళ్ల మర్హూమ్ అబ్బాజాన్ 1979లో కొన్న రిజిస్టరీ కాగితం చేతిలో ఉంది. ఈసీ తీయించారు, 1983 నుంచి ఇప్పటిదాకా ఒక్క లావాదేవీ లేదు. జుమా నమాజ్ అయ్యాక బయానా ఇద్దామనుకున్నాం.

ఊరికే అడిగినట్టు అడిగాను, "మీకు అక్కచెల్లెళ్లు లేరా భాయ్?" అని.

"ఇద్దరు ఆపాలున్నారు. వాళ్ల హిస్సా ఎప్పుడో మాఫ్ చేసేశారు."

"కాగితం మీద రాశారా?"

"ఘర్ కీ బాత్‌కు కాగితమేంటి?" అని పెద్దాయన నవ్వాడు. లోపల వాళ్ల అమ్మీ చాయ్ పోస్తున్నారు. ఆమెను ఇల్లు అమ్మడం ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు, నాతో సహా.

బయానా ఇవ్వకుండా వచ్చేశాను. మా బేగం మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అంత మంచి ఇల్లు మళ్లీ దొరకదని ఆమె బాధ. నేనెందుకు వెనక్కి తగ్గానో ఆమెకు చెప్పిన లెక్కే ఇక్కడా చెబుతాను.

లెక్క సులువుగా ఉండాలని ఇల్లు 128 గజాలనుకుందాం. మనిషి పోయాడు, ఆయన తల్లిదండ్రులు అంతకుముందే పోయారు. భార్య, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు మిగిలారు. అప్పులూ మహర్ బాకీలూ తీరాక, వసీయత్ ఏమీ లేకపోతే, భార్యకు ఎనిమిదో వంతు, అంటే 16 గజాలు. మిగిలిన దాంట్లో ఒక్కో కొడుకుకు 28, ఒక్కో కూతురికి 14. పంపకం జరిగిన రోజు నుంచి కాదు, తండ్రి కన్నుమూసిన క్షణం నుంచే ఈ విరాసత్ వాళ్లది. షరియత్ చెప్పేదీ అదే, కోర్టు చెప్పేదీ అదే. కాబట్టి ఆ ముగ్గురు అన్నదమ్ములు ఎన్ని సంతకాలు పెట్టినా నాకు అమ్మగలిగేది 84 గజాలే. మిగతా 44 గజాలకు నేను డబ్బు మాత్రం ఇస్తాను, హఖ్ రాదు. అన్నదమ్ముల్లో ఒకడు ఇంట్లో ఉంటే ఆ కబ్జా అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. ఇరవై ఏళ్లు గడిచాయి గనక ఆపాల హిస్సా కరిగిపోయిందనుకోవడానికి లేదు.

మరి ఈసీలో ఏమీ లేదు కదా అంటారు. ఈసీలో కనిపించేవి రిజిస్టర్ అయినవే. మౌత్ రిజిస్టర్ ఆఫీసులో నమోదు కాదు, విరాసత్ కాదు, నోటిమాట హిబా అంతకన్నా కాదు. మన ఇళ్లలో జాయిదాద్ చేతులు మారేది ఎక్కువగా ఈ దారుల్లోనే. అందుకే మన మొహల్లాల్లో ఖాళీ ఈసీ చూసి నిశ్చింతగా ఉండేవాణ్ని చూస్తే నాకు భయమేస్తుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి. అందులో ఉన్న ప్రతి పేరూ అమ్మకం దస్తావేజు మీద రావాలి, లేదా ఆపాలు రిజిస్టర్ చేసిన హక్కు విడుదల పత్రం ఉండాలి. అది కూడా తండ్రి పోయాక రాసింది. ఆయన బతికుండగా "నాకు హిస్సా వద్దు" అని కూతురితో రాయించుకున్న కాగితాన్ని నమ్ముకోవద్దు. అప్పటికి ఇంకా రాని హక్కును ఆమె ఏమని వదులుకుంటుంది?

హిబా సంగతి వేరు. ఈజాబ్, ఖుబూల్, కబ్జా, ఈ మూడూ ఉంటే నోటిమాటతోనూ హిబా చెల్లుతుంది. మన ఆంధ్ర నుంచే ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1968లో ఒక తండ్రి ఒక కొడుక్కి కాగితం మీద రాసి హిబా ఇచ్చాడు, రిజిస్టర్ చేయలేదు. మిగతా వారసులు కోర్టుకెక్కారు. హైకోర్టు చెల్లదంది, 2011లో సుప్రీంకోర్టు చెల్లుతుందంది. మనవాళ్లు ఈ తీర్పును గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో ఆ 43 ఏళ్లే కనిపిస్తాయి. తండ్రి ఒక్కరోజు రిజిస్టర్ ఆఫీసుకు వెళ్లుంటే ఆ ఇంట్లో ఒక తరం వాయిదాల్లో గడిచేది కాదు. చట్టం మినహాయింపు ఇచ్చింది కదా అని కాగితం మానేయడం తెలివి కాదు. బ్యాంకువాడు లోన్‌కు నోటిమాట హిబా ఒప్పుకోడు, రేపు కొనేవాడూ ఒప్పుకోడు. కుటుంబంలో ఇచ్చే దానానికి స్టాంపు ఖర్చు అమ్మకం కన్నా తక్కువే.

ఇంకో మాట, ఇది చెప్పడానికి నాకే కష్టంగా ఉంటుంది. బేవా ఒకామె, చిన్నపిల్లలతో ఉన్నది, అవసరం కొద్దీ ఇల్లు అమ్ముతానంటుంది. జాలిపడి కొంటాం, సవాబ్ కూడా అనుకుంటాం. కానీ మన పర్సనల్ లాలో యతీమ్ పిల్లల ఆస్తికి తల్లి సహజ సంరక్షకురాలు కాదు. తండ్రి, ఆయన వసీయత్‌లో నియమించినవాడు, తర్వాత దాదా. వాళ్లెవరూ లేకపోతే జిల్లా కోర్టు నియమించాలి. కోర్టు ఇజాజత్ లేకుండా తల్లి అమ్మిన పిల్లల హిస్సా చెల్లదు. పిల్లాణ్ని ఒంటిచేత్తో పెంచే తల్లికి ఆ పిల్లాడి పది గజాల మీద సంతకం పెట్టే అధికారం లేకపోవడం నాకు నచ్చదు. నచ్చకపోయినా అదే చట్టం. ఆమెను కోర్టుకు తీసుకెళ్లి, వకీలు ఖర్చు మనం పెట్టుకుని, ఇజాజత్ వచ్చాక కొంటే అది ఆమెకూ మేలు, పిల్లలకూ మేలు.

నోటరీ కాగితాల గురించి ఎక్కువ చెప్పను. హైదరాబాద్ పాతబస్తీలో మా చుట్టాల్లో సగం మంది ఇళ్లు వాటి మీదే ఉన్నాయి. నోటరీ ముద్రతో యాజమాన్యం రాదు, అగ్రిమెంటుతో రాదు, జీపీఏతో రాదు. సేల్ డీడ్ రిజిస్టర్ అయితేనే వస్తుంది. తక్కువ ధరకు వస్తోందంటే ఎందుకొస్తోందో అదే జవాబు.

వక్ఫ్ స్థలంలో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. నా దోస్త్ ఒకడికి మస్జిద్ స్థలంలో దుకాణం ఉంది. వాళ్ల నాన్న తీసుకున్న లీజు గడువు తీరి చాలా ఏళ్లైంది. నెలనెలా కిరాయా కడుతున్నాడు, రసీదు తీసుకుంటున్నాడు, ఇంక భయమేంటంటాడు. 2013 సవరణ తర్వాత వక్ఫ్ చట్టం గడువు తీరిన లీజుదారుణ్ని కూడా ఆక్రమణదారుల్లోనే చేర్చింది. ముతవల్లీ నోటిమాట పొడిగింపు కాదు. ఏడాది దాటిన ఏ లీజైనా రిజిస్టర్ కావాలి, వక్ఫ్‌ది అయితే బోర్డు మంజూరు కూడా కావాలి. ఆ దుకాణాన్ని పగిడీ తీసుకుని ఇంకొకరికి "అమ్మాలని" చూస్తున్నాడు వాడు. తనది కానిది, అల్లాహ్ పేరున వదిలింది, ఎలా అమ్ముతావురా అంటే కోపం. కొనేముందు నిషేధిత ఆస్తుల జాబితా, వక్ఫ్ బోర్డు రికార్డు రెండూ చూడండి. సర్వే నంబరు ఒక్కటి తేడా వచ్చినా ఆగండి.

మళ్లీ ఆ గుంటూరు ఇంటి సంగతికి వస్తాను. మూడో రోజు రాత్రి మా బేగం మౌనం వదిలి ఒకే ప్రశ్న అడిగింది. "వాళ్ల ఆపాల గురించి ఇంత లెక్క వేశారు. మీ ఫుప్పూ సంతకం ఏది?"

మేముంటున్నది మా దాదా కట్టిన ఇల్లు. దాదా పోయి ముప్పై ఏళ్లు దాటింది. అబ్బా, చాచా, నరసరావుపేటలో ఫుప్పూ. ఇంటి పన్ను అబ్బా పేరున వస్తుంది, కరెంటు మీటరు అబ్బా పేరున ఉంది. ఫుప్పూ ప్రతి ఈద్‌కు వచ్చి, ఖుర్మా తాగి, పిల్లలకు ఈదీ ఇచ్చి వెళ్తుంది. ఆమె హిస్సా ఎవరూ ఎగ్గొట్టలేదు, ఎవరూ ఇవ్వనూ లేదు. ఆ మాటే ఎప్పుడూ రాలేదు.

పోయిన ఆదివారం నరసరావుపేట వెళ్లాను. విషయం చెప్పగానే ఫుప్పూ, "నక్కో బాబా, భాయ్ దగ్గర నేను పైసలు తీసుకుంటానా?" అంది. మాఫ్ చేశానంది. నేను ఊపిరి పీల్చుకుని లేవబోతుంటే, అంతసేపూ మాట్లాడని ఆమె పెద్ద కూతురు, "మామూ ఎంత ఇద్దామనుకుంటున్నారు భాయ్?" అని అడిగింది. ఫుప్పూ ఆ పిల్లను కోప్పడలేదు. తల దించుకుని కూర్చుంది.

ఇంటికొచ్చి అబ్బాకు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెట్టె తీసి దాదా దస్తావేజు నా చేతిలో పెట్టి, మార్కెట్ రేటు కనుక్కో అన్నారు.