దవడ దిద్దిన ఫోటో



రాజాం దగ్గర ఒక పల్లెలో ఒక తల్లి జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాము. దండ వేసిన పెద్ద ఫోటో ముందు కూతురు నిలబడి, "ఈవిడ మాయమ్మ కాదయ్యగారూ" అని ఏడ్చింది. స్టూడియోవారు మంచి మనస్సుతోనే లోతు బుగ్గలను నింపి, వంకర దవడను సరిచేశారు.

ఇది ఎట్లు చేయుదురో అడిగి తెలుసుకున్నాము. ఫోటోషాప్‌లో లిక్విఫై అను సాధనము 2000 సంవత్సరములో వచ్చినది. తడిమట్టిని వేలితో నెట్టినట్లు బొమ్మలోని భాగములను జరపవచ్చు, ఉబ్బించవచ్చు, కుదించవచ్చు. 2016 నుండి కన్ను, ముక్కు, నోరు ఎక్కడున్నవో అదే గుర్తుపట్టుచున్నది. నేడు చేతి ఫోన్లలోనూ ఇటువంటివి ఉన్నవి. ఫ్రాన్సు దేశములో 2017 అక్టోబరు 1 నుండి, వాణిజ్య ప్రకటనలలో మోడళ్ళ ఒడ్డూపొడుగూ ఇట్లు సన్నగానో లావుగానో మార్చినచో ఆ సంగతి ఫోటోతోపాటు తెలుపవలెనని నియమము వచ్చినది.

వెలుగు పెంచుట, మరక తుడుచుట తప్పు కాదు. కాని పెండ్లి సంబంధమునకు పంపు ఫోటోలో ముఖమునే మార్చినచో, ఎదుటివారిని మోసగించుటయే గాక, "దేవుడు నీకిచ్చిన ముఖము చాలదు" అని మన బిడ్డకు చెప్పినట్లే.

ఆ తల్లి బ్యాంకు పుస్తకముపైనున్న చిన్న ఫోటోనే చివరకు పెద్దది చేయించారు. మసకగా ఉన్నా ఆమె ఆమెగానే ఉన్నది. ఆ బుగ్గలు పిల్లలకు పెట్టి తాను పస్తులున్న దినములలో లోతుపడినవి. వాటిని పూడ్చినచో ఆమె కష్టమును పూడ్చినట్లే కదా!

స్టూడియోకు ఇచ్చునప్పుడు ముఖము మార్చవద్దని చెప్పుదము. అసలు ఫోటోను వేరుగా దాచుకొందము.